గుంటూరు గ్రహణము - ఎక్స్ కిరణముల సూర్యుడు

విభవ నామ సంవత్సర శ్రావణ బహుళ అమావాస్య, అనగా 1868 ఆగష్టు 18వ తేదీ మంగళవారము. పోలాల అమావాస్య పండుగ దినము. ఆనాటి ఉదయము 9 గంటల ప్రాంతమున గుంటూరు పట్టణము అయిదు నిమిషములకు మించి చీకటిలో మునిగినది. చంద్రుని నీడ ఏడెను వైపునుండి అరేబియా సముద్రమును దాటి, బిజాపూరు, జమఖండి ప్రాంతముల మీదుగా తెలుగు దేశమున ప్రవేశించి, గుంటూరు, మచిలీపట్టణముల మీదుగా బంగాళాఖాతమును చేరి, సయాము దేశమువైపు సాగిపోయెను. సయాము సింధుశాఖ యొద్ద ఈ గ్రహణము 6 నిమిషముల 47 సెకనుల వరకు నిలిచినది. ఇంత దీర్ఘమైన సంపూర్ణ సూర్యగ్రహణములు అరుదు.

ఈ గ్రహణమునకై శాస్త్రజ్ఞులు అంత దూరమునుండి ఓడలెక్కి వచ్చుటకు మరియొక కారణము కలదు. సంపూర్ణ గ్రహణ సమయమున చంద్రబింబపు అంచున ఎర్రని నాలుకలవంటివి కనబడును. వీనిని సూర్యశిఖలు అందురు. వాని వెలుపల ముత్యపు వన్నెగల కాంతి వలయ మొకటి వ్యాపించియుండును. అదియే కరోనా. శిఖలు చంద్రునివా, సూర్యునివా అను సంశయము 1860లో స్పెయిను దేశమున తీసిన ఛాయాచిత్రములతో తీరినది. అవి సూర్యునివే. కాని అవి దేనితో చేయబడినవి? ఘనపదార్థపు మేఘములా, వాయువులా? దీనిని తేల్చగల సాధనము అప్పుడే చేతికి వచ్చియుండెను. 1859, 1860 సంవత్సరములలో కిర్కాఫ్, బున్సెన్ అను జర్మను పండితులు వర్ణపటదర్శినితో మూలకములను గుర్తుపట్టు విధమును స్థాపించిరి. వేడెక్కిన పలుచని వాయువు అన్ని రంగుల కాంతిని ఇయ్యదు. తనకు ప్రత్యేకమైన కొన్ని ప్రకాశరేఖలను మాత్రమే ఇచ్చును. ఆ సాధనమును గ్రహణముపై ప్రయోగించుటకు 1868 గ్రహణమే మొదటి మంచి అవకాశమయ్యెను.

ఫ్రాన్సునుండి జూల్ జాన్సెన్ వచ్చెను. మద్రాసునుండి మచిలీపట్టణము రేవునకు వచ్చి, అచటినుండి గుంటూరు చేరి, లెఫాషర్ అను ఫ్రెంచి వర్తకుని ఇంటి మేడపై తన పరికరములను నిలిపెను. ఆంగ్ల ప్రభుత్వము పక్షమున మేజర్ టెనెంట్ కూడ గుంటూరునే ఎన్నుకొనెను. మద్రాసు వేధశాల అధిపతియైన నార్మన్ పోగ్సన్ మచిలీపట్టణమున విడిసెను. అదే వేధశాలలో పనిచేయుచుండిన చింతామణి రఘునాథాచారి నిజాము రాజ్యములోని వనపర్తికి వెళ్లెను. ఈ దేశపు పండితుడు ఒక వేధశాల పక్షమున సంపూర్ణ గ్రహణమును పరిశీలింప ప్రత్యేకముగా వెళ్లుట ఆ కాలమునకు చిన్న విషయము కాదు. గ్రహణపు కథలు చెప్పువారు ఆయన పేరును తరచుగా విడిచిపెట్టుదురు.

ఆగష్టు మాసము గుంటూరు సీమలో వానల కాలము. ఆకాశము పూర్తిగా నిర్మలముగా లేకున్నను పని జరిగినది. టెనెంట్ బృందము 9 అంగుళముల వెండిపూత దర్పణముగల దూరదర్శినితో ఛాయాచిత్రములు తీసెను. వానిలో కరోనా సరిగా పడలేదు గాని, లక్ష కిలోమీటర్లకు మించి ఎత్తైన సూర్యశిఖ యొకటి ప్రస్ఫుటముగా పడినది. దానికి 'మహాశృంగము' అను అర్థమిచ్చు పేరు పెట్టిరి. అదే శిఖ కాంతిని జాన్సెన్ వర్ణపటదర్శినిలో చూచెను. అందు అవిచ్ఛిన్నమైన రంగుల పట్టీ లేదు. కొన్ని ప్రకాశరేఖలు మాత్రము కలవు. వానిలో ఉదజని వాయువునకు చెందిన ఎర్రని గీత, నీలపు గీత స్పష్టముగా నున్నవి. శిఖలు వాయుమయములని, అందు ప్రధానమైనది ఉదజని యని ఆ అయిదు నిమిషములలో తేలిపోయినది.

ఇచట ఒక మాట సరిదిద్దుట అవసరము. హీలియము గుంటూరులో కనుగొనబడినదని పాఠశాలలలో చెప్పుట వాడుక. ఆనాడు పరిశీలకులు ఒక పసుపు గీతను చూచిన మాట నిజమే. మచిలీపట్టణమున పోగ్సన్ కూడ దానిని తన నివేదికలో చేర్చెను. కాని చాలమంది దానిని సోడియము గీతగానే భావించిరి. అది సోడియము గీతతో ఏకీభవించదని, భూమిపై తెలిసిన ఏ మూలకమునకును చెందదని తేల్చినది తరువాతి పరిశీలన. ఆ పని యందు ముఖ్యుడు ఇంగ్లండుకు చెందిన నార్మన్ లాకియర్. భూమిపై హీలియమును రామ్సే 1895లో గాని పట్టలేదు. కనుక ఒక్క దినమునకు, ఒక్క ఊరికి, ఒక్క మనిషికి ఆ కీర్తిని కట్టబెట్టుట న్యాయము కాదు.

గుంటూరుకు నిక్కముగా చెందిన కీర్తి వేరొకటి కలదు. అది ఆగష్టు 18వ తేదీది కాదు, 19వ తేదీది.

గ్రహణ సమయమున ఆ ప్రకాశరేఖల తీవ్రతను చూచి జాన్సెన్ ఆశ్చర్యపడెను. ఇంత వెలుగు గల రేఖలను చూచుటకు చంద్రుని అడ్డము అవసరమా అని ఆయనకు తోచినది. మరునాడు ఉదయముననే సూర్యుని అంచుకు ఎదురుగా వర్ణపటదర్శిని చీలికను నిలిపెను. గ్రహణము లేదు, పట్టపగలు. అయినను శిఖల గీతలు కనబడినవి. చీలికను కొద్దికొద్దిగా జరుపుచు శిఖ యొక్క ఆకారమును గీచికొనవచ్చునని గ్రహించెను. ఆ తరువాత కూడ ఆయన గుంటూరును విడువక, 17 దినములపాటు శిఖల మార్పులను పరిశీలించుచునే యుండెను.

ఇందలి కిటుకు మన రైతుబిడ్డలకు సులభముగా బోధపడును. పెరటిలో పెద్ద దూది కుప్ప పోసి, దాని క్రింద కొన్ని ఇత్తడి బిళ్ళలు ఉంచినారనుకొందము. పైనుండి చూచువానికి బిళ్ళలు కనబడవు. ఆ దూదినే నేలయంతటను పలుచగా పరచినచో, దూది తెర పలుచబడును. బిళ్ళలు మాత్రము పలుచబడవు, అవి మెరయుచు బయటపడును. సూర్యుని చుట్టునుగల ఆకాశపు వెలుగు దూదివంటిది. అందు అన్ని రంగులు కలవు. పట్టకములతో ఎంత వెడల్పుగా పరచిన అంత మసకబారును. శిఖల కాంతి ఇత్తడి బిళ్ళలవంటిది. అది కొద్ది గీతలలోనే ఇమిడియుండుటచే పరచినను తగ్గదు.

జాన్సెన్ ఈ సంగతిని వివరించుచు సెప్టెంబరు 19న కాకినాడనుండి పారిసు విజ్ఞాన పరిషత్తునకు లేఖ వ్రాసెను. టపా ఓడలో చేరుటకు నెలకు మించి పట్టినది. ఈలోగా అక్టోబరు 20న లాకియర్ ఇంగ్లండులో అదే పద్ధతిని స్వతంత్రముగా సాధించెను. ఇద్దరి వార్తలును అక్టోబరు 26 నాటి పరిషత్ సమావేశమున ఒకేసారి వినబడినవి. వాదము పెరుగక ముందే ఇద్దరికిని సమానముగా గౌరవము చెల్లినది. 1872లో ఫ్రెంచి ప్రభుత్వము ఇద్దరి ముఖములును గల పతకమును ముద్రించెను.

అయితే దూది ఉపమానమునకు ఒక హద్దు కలదు. కరోనా కాంతిలో అధిక భాగము సూర్యకాంతియే. ఎలక్ట్రానులచే చెదరింపబడి మన వైపు వచ్చుచున్నది. అందు కూడ అన్ని రంగులును కలవు. అనగా కరోనాయే ఒక దూది. పరచినచో ఆకాశపు వెలుగుతోపాటు అదియు పలుచబడిపోవును. పైగా దాని వెలుగు సూర్యబింబపు వెలుగులో పది లక్షలవ వంతు మాత్రమే. కనుక గుంటూరు కిటుకు శిఖలను గ్రహణ బంధమునుండి విడిపించినది గాని, కరోనాను విడిపింపలేదు. జాన్సెన్ తరువాత కూడ గ్రహణముల వెంట తిరిగెను. 1870లో పారిసు ముట్టడిలో నుండగా పొగబుడగ ఎక్కి శత్రుసేనల మీదుగా తప్పించుకొని అల్జీరియా చేరెను. అచట గ్రహణ సమయమున మబ్బు కమ్మినది! 1871 డిసెంబరులో మరల మన దేశమునకు వచ్చి, నీలగిరులలో కరోనాను పరిశీలించెను. 1930లో లియో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దూరదర్శినిలోనే కృత్రిమ చంద్రునివంటి బిళ్ళను అమర్చి, పర్వత శిఖరముపైనుండి గ్రహణము లేకుండ కరోనాను చూచెను. అయినను బింబపు అంచుకు వెలుపల ఉన్న భాగమే కనబడెను. సూర్యబింబమునకు ఎదురుగా, మన వైపు తిరిగియున్న కరోనాను చూచుట ఎట్లు?

ఈ ప్రశ్నకు సమాధానము వేరొక చిక్కు ముడి విడుటవలన లభించినది. 1869 గ్రహణమున కరోనాలో ఒక ఆకుపచ్చని గీతను అమెరికను శాస్త్రజ్ఞులు చూచిరి. అదియు తెలిసిన ఏ మూలకమునకును చెందలేదు. హీలియము అనుభవము కలదు కదా. వెంటనే 'కరోనియము' అను కొత్త మూలకమును ఊహించిరి. ఈ మారు ఊహ తప్పినది. 1920లో మేఘనాథ్ సాహా ఉష్ణోగ్రత పెరిగినకొలది పరమాణువులు ఎలక్ట్రానులను ఎట్లు కోల్పోవునో సమీకరణముతో చూపెను. 1940 ప్రాంతమున గ్రోట్రియన్, ఎడ్లెన్ అనువారు ఆ ఆకుపచ్చని గీత 13 ఎలక్ట్రానులను పోగొట్టుకొన్న ఇనుముదని నిరూపించిరి. ఇనుము అంత దిగంబరమగుటకు పది, ఇరువది లక్షల డిగ్రీల వేడిమి కావలెను. మనము చూచు సూర్యబింబపు ఉపరితలమునకు, అనగా కాంతిమండలమునకు, ఉన్న వేడిమి 5,500 డిగ్రీల సెంటిగ్రేడు మాత్రమే! పొయ్యికన్న పొయ్యిపైని గాలి వందల రెట్లు వేడిగానున్నట్లు. దీని కారణమును శాస్త్రజ్ఞులు నేటికిని పూర్తిగా అంగీకరించిన రీతిలో తేల్చలేదు.

కమ్మరి కొలిమిలో ఇనుము మొదట ఎర్రగాను, వేడి హెచ్చినకొలది తెల్లగాను వెలుగుట అందరును చూచినదే. వేడి లక్షల డిగ్రీలకు పోయినచో వెలుగు కంటికి కనబడని ఎక్స్ కిరణముల రూపమును తాల్చును. కాంతిమండలము అంత వేడిగా లేదు కనుక అది ఎక్స్ కిరణములను ఇయ్యజాలదు. అనగా ఎక్స్ కిరణములను మాత్రమే చూడగల కన్ను ఉన్నచో, దానికి సూర్యబింబము నల్లగాను, కరోనా వెలుగుచును కనబడును. చంద్రుని అడ్డముతో పని లేదు. కన్ను మిరుమిట్లు గొలిపిన బింబమే వెనుకనున్న నల్లని పలక అగును.

కాని భూమి వాతావరణము ఎక్స్ కిరణములను క్రిందికి రానీయదు. మన ప్రాణములకు అది మేలే గాని, పరిశీలకునికి ఆటంకము. రెండవ ప్రపంచ యుద్ధములో జర్మనులు చేసిన వి-2 రాకెట్లు అమెరికను శాస్త్రజ్ఞుల చేతికి వచ్చిన పిదప, 1949లో హెర్బర్ట్ ఫ్రీడ్‌మన్ అట్టి రాకెట్టులో పరికరములను పంపి, సూర్యునినుండి ఎక్స్ కిరణములు వచ్చుచున్నవని రూఢిచేసెను. 1960 ఏప్రిలు 19న సూదిబెజ్జపు కెమెరాతో మొట్టమొదటి ఎక్స్ కిరణ చిత్రము తీయబడినది. రాకెట్టు తిరుగుచుండుటచే ఆ బొమ్మ అలుకుకొనిపోయినది. మంచి బొమ్మకు దర్పణము కావలెను. ఎక్స్ కిరణములు మామూలు అద్దముపై నేరుగా పడినచో తిరిగి రావు. చెరువులో నిట్టనిలువుగా వేసిన పెంకు మునిగిపోవును. నీటికి దాదాపు సమాంతరముగా విసరినది ఎగిరెగిరి పోవును. అట్లే మిక్కిలి ఏటవాలుగా తగిలిన ఎక్స్ కిరణములు దర్పణముపైనుండి జారి కేంద్రమును చేరును. ఈ సూత్రముపై దూరదర్శినులను నిర్మించిన రికార్డో జియకోనీకి 2002లో నోబెల్ బహుమానము లభించినది.

1973 మే 14న ఎగిరిన స్కైలాబు అను అంతరిక్షశాలలో అట్టి దూరదర్శిని కలదు. అందలి వ్యోమగాములు 1974 ఫిబ్రవరి వరకు వేలకొలది చిత్రములు తీసిరి. కరోనా ఒకే తీరున వ్యాపించిన పొగవంటిది కాదని అప్పుడు కన్నులార కనబడినది. అది తోరణముల సముదాయము. సూర్యకళంకములవంటి బలమైన అయస్కాంత ప్రదేశమునందు ఒక పాదము, వ్యతిరేక ధ్రువమునందు మరియొక పాదము నిలిపి, వేడి వాయువు కమానులుగా వంగియున్నది. విద్యుదావేశముగల వాయువు అయస్కాంత బలరేఖలను అడ్డముగా దాటలేదు. వాని వెంబడే నడువవలెను. కనుక ఎక్స్ కిరణ చిత్రమనగా కరోనాలోని బలరేఖల పటమే.

సౌరజ్వాల పుట్టునది ఈ తోరణముల నడుమనే. కొద్ది నిమిషములలో వాయువు కోటి డిగ్రీలకు మించి వేడెక్కి, ఎక్స్ కిరణములు వందల రెట్లు పెరుగవచ్చును. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ గ్రహణము తెలుగు నేలను మరియొకమారు తాకినది. హైదరాబాదు సమీపమున ఉస్మానియా విశ్వవిద్యాలయపు జపాల్-రంగాపూర్ వేధశాల ఆ గ్రహణ పరిశీలనకు కేంద్రమయ్యెను. దానికి సరిగా రెండు దినములముందు, ఫిబ్రవరి 14న, సోలార్ మాక్సిమమ్ మిషన్ అను ఉపగ్రహమును అమెరికా ఎగురవేసెను. మే 21న ఒక పెద్ద జ్వాల చల్లారిన పిదప ఆ ఉపగ్రహము ఎవరును ఎదురుచూడనిదానిని చూచినది. జ్వాల మామూలు తోరణములకు ఎంతో పైన, దాదాపు లక్షన్నర కిలోమీటర్ల ఎత్తున, ఒక బ్రహ్మాండమైన ఎక్స్ కిరణ కమాను వెలసి గంటల తరబడి నిలిచినది. దాని ఎత్తులో మన భూగోళములు పదకొండు పేర్చవచ్చును. నవంబరు 6, 7 తేదీలలో అట్టి కమాను మరల కనబడి, క్రింద జ్వాల రగిలినపుడెల్ల తిరిగి వెలిగినది. జ్వాల ఒక చోటి మంట మాత్రమే కాదని, దాని శక్తి సూర్యుని వాతావరణమున దూరదూరములకు పోవుచున్నదని ష్వెస్త్కా ప్రభృతులు వివరించిరి.

జ్వాల తరువాత వచ్చు ఆకారము అది. జ్వాలకు ముందు కనబడు ఆకారము మరింత విలువైనది. 1991 ఆగష్టు 30న జపాను పంపిన యోకో ఉపగ్రహము పదేండ్లు సూర్యుని ఎక్స్ కిరణ చిత్రములు తీసెను. కొన్ని కళంక ప్రదేశములపై తోరణములు తిన్నగా లేక, ఆంగ్లాక్షరము 'ఎస్' వలె మెలితిరిగి యుండుట అందు తరచుగా కనబడినది. వానికి 'సిగ్మాయిడు' అని పేరు. ఉత్తరార్ధ గోళమున తిరగబడిన ఎస్, దక్షిణార్ధమున తిన్నని ఎస్ హెచ్చు. నూలు వడికిన అవ్వ నడిగిన దీని మర్మమును చెప్పగలదు. దారమునకు పురి పెట్టుకొనుచు పోయిన కొంతవరకు అది నిటారుగా నుండును; పురి మితిమీరినచో తనంత తానే మెలివడును. బలరేఖల కట్ట కూడ అంతే. దాని పాదములు ఉపరితల ప్రవాహములలో కదలి పురి ఎక్కుచుండును. ఆ పురిలోనే శక్తి దాగియుండును. ఒక దశలో బలరేఖలు తెగి కొత్తగా అతుకుకొనును. దాగిన శక్తి వేడిగాను, కాంతిగాను, వేగముగా కదలు కణములుగాను బయటపడును. కట్ట యావత్తు కరోనా పదార్థముతో అంతరిక్షమునకు విసరబడును. 1993, 1997 సంవత్సరముల చిత్రములను పరిశీలించి కాన్‌ఫీల్డ్, హడ్సన్, మెకెంజీ అనువారు 1999లో ప్రకటించినదేమనగా, సిగ్మాయిడు గల ప్రదేశములు మిగిలినవానికన్న విస్ఫోటమునకు ఎక్కువ పాల్పడును.

ఈ ఉపగ్రహపు అంతము విచిత్రమైనది. 2001 డిసెంబరు 14న వలయాకార సూర్యగ్రహణము దాని మార్గమున తటస్థించినది. చంద్రుడు అడ్డువచ్చుటచే అది సూర్యుని గురి కోల్పోయి, బ్యాటరీలు అడుగంటి, మరల పనిచేయలేదు. గ్రహణములతో అవసరము లేకుండ సూర్యుని చూచుటకు పంపినదానిని గ్రహణమే అంతమొందించినది.

సౌరజ్వాలలను తెలిసికొనుట కేవలము కుతూహలము కాదు. 1859 సెప్టెంబరు 1న కారింగ్టన్ ఒక జ్వాలను కంటితో చూచెను. మరునాడు బొంబాయిలోని కొలాబా వేధశాల అయస్కాంత సూచిక దాదాపు 1,600 నానోటెస్లాల మేర పడిపోయినది. 1989 మార్చి 13న అట్టి తుఫాను కెనడాలోని క్విబెక్‌లో అరువది లక్షల మందికి తొమ్మిది గంటలపాటు విద్యుత్తు లేకుండ చేసినది. జ్వాలలోని ఎక్స్ కిరణములు ఎనిమిదిన్నర నిమిషములలోపుననే భూమిని చేరి, వాతావరణపు పై పొరలను అయానులుగా విడగొట్టి, హ్రస్వతరంగ రేడియోను మూగవోజేయును. విసరబడిన పదార్థము చేరుటకు ఒకటి మొదలు మూడు దినములు పట్టును. అయితే రోహిణి కార్తె ఎండలకు, మిర్చి కళ్లములలోని వేడికి సౌరజ్వాలలే కారణమను మాట మాత్రము నమ్మరాదు. 'ఎక్స్' తరగతి జ్వాల మొదలగు తీవ్రత వద్ద, దాని ఎక్స్ కిరణములు మనకు చేరు మొత్తము సూర్యశక్తిలో కోటియవ వంతుకును తక్కువ. అవి కూడ నేలకు దిగవు.

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోటనుండి ఆదిత్య-ఎల్1 బయలుదేరినది. 2024 జనవరి 6న భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరమున, ఏ గ్రహణమును అడ్డురాని కక్ష్యను చేరినది. అందు కరోనాను చూచు పరికరమున లియో పద్ధతిలో బింబమును మరుగుపరచుదురు. మరి రెండు పరికరములు, సోలెక్స్, హీలియోస్ అనునవి, జ్వాలల ఎక్స్ కిరణములను కొలుచును. అవి చిత్రములు తీయవు, సూర్యునినుండి వచ్చు మొత్తమును లెక్కించును. 2024 మే 10, 11 తేదీలలో వరుస జ్వాలల పిదప వచ్చిన గొప్ప అయస్కాంత తుఫానునకు లడఖ్‌లోని హాన్లేలో ఆకాశము ఎర్రబారినది. అప్పటి జ్వాలలను ఆదిత్య పరికరములును నమోదు చేసినవి. సిగ్మాయిడును చూచి ఈ ప్రదేశము పేలవచ్చునని చెప్పగలుగుచున్నారు. ఏ గంటకు పేలునో ఇంకను ఎవరును చెప్పలేకున్నారు; కొన్ని సిగ్మాయిడులు పేలకుండగనే విడిపోవును.